నాలుగు బై మూడు

మా హైస్కూల్లో లెక్కల సారు పోస్టు ఖాళీ అయినప్పుడు నేను ఎనిమిదో తరగతి. కొత్త సారు ఈ నెల వస్తాడు, వచ్చే నెల వస్తాడు అంటూ చాలా రోజులు గడిపారు. ఆఖరికి హెడ్మాస్టరు రాజారావు సారు ఒక సుద్దముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మొగులమ్మా, నీకు అన్నీ వస్తయి గదా. జెర వీళ్లకు గూడ చెప్పు బిడ్డా" అన్నాడు. ఆ రోజు నుంచి లెక్కల గంటలో నేను బెంచీ మీద కూర్చున్నది లేదు.

మొదట్లో గొప్పగానే ఉండేది, అబద్ధమెందుకు? మా లక్డారంలో చిన్నా పెద్దా అందరూ నన్ను "టీచరమ్మ" అనేవారు. మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చే మా నాయన పెంటయ్య ఆ మాట వింటే మీసం దువ్వుకునేవాడు. మా క్లాసుకు చెప్పడం అయ్యాక ఏడో తరగతికి పొమ్మనేవారు, అక్కడ అయ్యాక ఆరుకు. తెలివైన పిల్ల దొరికితే బడికి ఎంత సుఖమో చూడండి! జీతం అడగదు, సెలవు పెట్టదు, బదిలీ మీద పోదు.

నాకు మాత్రం లోపల ఒకటే కొరత. అందరూ నన్ను అడిగేవారు. నేనెవరిని అడగాలి? గైడు చూసి సొంతంగా నేర్చుకునేదాన్ని, మర్నాడు దాన్నే బోర్డు మీద రాసేదాన్ని. తొమ్మిదిలో గోళం పాఠం వచ్చింది. గోళం ఘనపరిమాణం నాలుగు బై మూడు పై ఆర్ క్యూబ్. పై సరే, ఆర్ క్యూబ్ సరే. ఈ నాలుగు బై మూడు ఎక్కడినుంచి ఊడిపడింది? పుస్తకంలో లేదు, గైడులో లేదు. రాజారావు సారును అడిగితే, "సూత్రం సూత్రమే బిడ్డా, దానికి తల్లీదండ్రీ ఉంటరా?" అని నవ్వి వెళ్లిపోయాడు.

క్లాసులో ఆ సంగతి పట్టించుకున్నది ఇంకొక్కతే, గ్రేస్. పటాన్‌చెరు చర్చి వెనక ఇంట్లో ఉండే బర్నబా గారి బిడ్డ. నా ఈడుదే, నాతోపాటే చదివేది, అయినా అందరిలాగే నన్ను టీచరమ్మా అనేది. "టీచరమ్మా, గా నాలుగు బై మూడు ఏంది?" అని ప్రాణం తీసేది. "నాకు తెలిస్తె నీకు చెప్పనా? నోర్మూసుకొని రాసుకో" అనేదాన్ని. దాని మీద కోపం కాదు, నా గతి మీద కోపం.

పదో తరగతిలో హైమావతి టీచర్ వచ్చింది. ఆమె చదివింది బోటనీ. లెక్కల పోస్టు ఖాళీగా ఉందని తెచ్చి అందులో వేశారు. మొదటి రోజు ఆమె లోపలికి వచ్చేసరికి నేను బోర్డు దగ్గర ఉన్నాను.

"నువ్వెవరమ్మా?" అంది.

"లెక్కలు చెప్పే టీచర్‌ని, టీచర్."

క్లాసంతా గొల్లుమంది. ఆమె నవ్వలేదు. నా చేతిలోంచి సుద్దముక్క తీసుకుని, "కూర్చో" అంది.

ఎక్కడ కూర్చోవాలో నాకు తోచలేదు. నా చోటు ఎప్పుడో ఎవరో ఆక్రమించారు. గ్రేస్ జరిగి కాస్త చోటిచ్చింది. ఆ గంటంతా టీచర్ చెప్పింది నాకు వచ్చిన పాఠమే. పైగా ఒకచోట తప్పు కూడా చెప్పింది. అయినా సరే, ఒక మనిషి నిలబడి నాకు చెబుతోంది, నేను కూర్చుని వింటున్నాను. ఎంత హాయిగా ఉందో! కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

సాయంత్రం ఆమె నన్నూ గ్రేస్‌నూ ఆపి, ఏం అడగాలని ఉందో అడగమంది. ఇద్దరం ఒకేసారి నాలుగు బై మూడు అన్నాం. ఆమె "నాకు తెల్వదు" అంది. ఆ మాట అన్న టీచర్‌ని నేను అంతవరకు చూడలేదు.

"నేను మొక్కల కాడలు కోసి చూపించేదాన్ని. నా ఇంటర్‌ల లెక్కలు లేవు" అంది. "ఇది లెక్కల గ్రూపోళ్లకు రెండో సంవత్సరంల చెప్తరు. ఆడపిల్లలకు గురుకుల కాలేజీ ఒకటి ఉంది. పరీక్షల గెలిస్తె తిండి, చదువు అన్నీ వాళ్లే చూస్తరు. మీ ఇద్దరితోని రాయిస్త."

మా నాయన ఒకటే మాట చెప్పాడు. "హాస్టల్ల ఉంచి చదివిస్తరంటె పంపుత. రోజూ బస్సులల్ల ఏలాడుకుంట పోయే చదువైతె వద్దు బిడ్డా." అంటే ఆ పరీక్షలో సీటొస్తే ఇంటర్, లేకపోతే నా చదువు అక్కడికి సరి.

హైమావతి టీచర్ బడి వదిలాక మమ్మల్ని కూర్చోబెట్టేది. పగలు కూడా, క్లాసుకు వచ్చిన లెక్కలు మాకు ఇవ్వకుండా వేరే లెక్కలిచ్చి వెనక బెంచీకి పంపేది. ఒకరోజు రాజారావు సారు గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, ఏడో తరగతికి దిక్కు లేదు. మొగులమ్మను పంపుండ్రి."

"పంపను సార్. ఆమె చదువుకోను వచ్చిన పిల్ల."

"అంత మంది పిల్లలు ఆగమైతుంటె ఒక్కదాని కోసం చూడమంటరా?"

ఆయన మాటలోనూ న్యాయం ఉంది. గోడ అవతల ఏడో తరగతి పిల్లలు పైకప్పు లేచిపోయేలా అరుస్తున్నారు.

"వాళ్ల కాడికి మీరు పోండ్రి, లేకుంటె నేను పోత. ఈ పిల్లకు మాత్రం ఎవరున్నరు సార్?" అంది టీచర్.

సారు సుద్దముక్క అడిగి తీసుకుని తానే వెళ్లాడు. ఆ రోజు ఆయన ఏడో తరగతికి ఏం చెప్పాడో ఆ దేవుడికే ఎరుక. నాకు మాత్రం ఆమె కాళ్లు పట్టుకోవాలనిపించింది.

పరీక్ష సంగారెడ్డిలో. గ్రేస్‌ది నా పక్క వరుస. ప్రశ్నలన్నీ నాకు చుట్టాల్లాగే కనిపించాయి. ఉత్సాహంగా రాసుకుపోతున్నాను. సగం దాటాక, పక్కనుంచి సన్నగా ఏడుపు గొంతు వినిపించింది.

"టీచరమ్మా..."

ఒట్టు, అది పరీక్ష హాలన్న మాటే నాకు గుర్తు లేదు. ఆ పిలుపు వింటే నా కాళ్లు వాటంతటవే లేస్తాయి. లేచాను, దాని బల్ల దగ్గరికి నడిచాను, క్లాసులో చెప్పినట్టే పైకి చెప్పాను. "ముందుగాల బొమ్మ గియ్యవే. బొమ్మ గీస్తె లెక్క నీకే కనవడ్తది."

హాలంతా తలెత్తి చూసింది.

"ఏయ్ పిల్లా! ఏందది?" అంటూ కాపలా సారు పరుగెత్తుకొచ్చాడు.

"నేనేం సూసి రాయలే సార్. చెప్పిన, గంతే."

"చెప్పుడు గూడ తప్పే. నడువు బయటికి" అని నా పేపరు లాక్కున్నాడు. గ్రేస్ తలెత్తలేదు. పిలిచింది తానేనని అనలేదు. వంగి బొమ్మ గీసుకుంటోంది.

బయట వేపచెట్టు కింద హైమావతి టీచర్ మా ఇద్దరికీ తెచ్చిన పెరుగన్నం డబ్బాతో కూర్చుని ఉంది. సంగతి విని లోపలికి ఉరికింది, ఎవరెవరినో బతిమాలింది, వట్టి చేతులతో తిరిగొచ్చింది. "నీకు కూర్చునుడు ఇంకా ముందే నేర్పాల్సుండె మొగులమ్మా" అని ఏడ్చింది. ఆమెను నేనే ఓదార్చాను. చూశారా, అక్కడా నేనే టీచర్‌ని!

గ్రేస్‌కు సీటొచ్చింది. ఆ ఎండాకాలం హైమావతి టీచర్‌కు బదిలీ అయింది. మా నాయన అన్న మాట మీదే నిలబడ్డాడు. ఎంత ఏడ్చినా కరగలేదు. పదో తరగతి ప్యాసైన నన్ను ఇస్నాపూర్‌లో ఒక చిన్న కాన్వెంటువాళ్లు లెక్కలు చెప్పమని పిలిచారు. మళ్లీ చేతిలో సుద్దముక్క, మళ్లీ నిలబడటం.

పొద్దున రోడ్డు మీద కాలేజీ పిల్లలు పొడుగు నోటుబుక్కులు ఎదకు హత్తుకుని బస్సు కోసం నిలబడేవారు. వాటిలో ఏం రాసి ఉందోనని నా ప్రాణం కొట్టుకునేది. ఒకసారి తెరిచి చూపించమని అడగాలని నోటిదాకా వచ్చేది. అడిగేదాన్ని కాదు. గ్రేస్ సెలవులకు వచ్చి వెళ్లిందని తెలిసేది. మా గడప తొక్కలేదు. తొక్కితే చీపురు తిరగేద్దామనే ఉండేది నాకు. అయినా చర్చి ముందునుంచి వెళ్తే ఆ ఇంటి వైపు చూడకుండా ఉండలేకపోయేదాన్ని.

రెండో ఏడు క్రిస్మస్‌కు గ్రేస్ మా ఇంటికే వచ్చింది. నేను వాకిట్లో కత్తిపీట ముందు ఉల్లిగడ్డలు కోస్తున్నాను. పండక్కి చేసిన తీపి గరిజెల డబ్బా మా అవ్వ చేతికిచ్చి నా ముందు నిలబడింది.

"టీచరమ్మా."

"గట్ల పిలవకు. గా పిలుపే నా కొంప ముంచింది."

"నేనే పిలిచిన్నని చెప్పలే. భయమైంది. నువ్వు చెప్పినంక బొమ్మ గీసిన, లెక్క వచ్చింది. అది తలుసుకుంటె ఇప్పటికీ నిద్ర వడ్తలేదు" అని ఏడ్చింది.

"ఇప్పుడు చెప్పి ఏం ఫాయిదా?"

"గది చెప్పనీకి రాలే. నాలుగు బై మూడు దొరికింది."

నా చెయ్యి ఆగిపోయింది. గ్రేస్ సంచిలోంచి సుద్దముక్క తీసింది. అలవాటు ఎక్కడికి పోతుంది? లేచి, "ఏదీ, ఇటియ్యి" అని చెయ్యి చాపాను. గ్రేస్ నా భుజం మీద చెయ్యేసి నొక్కింది.

"నువ్వు కూసో. నేను చెప్త."

కూర్చున్నాను. అది గుండ్రటి ఉల్లిగడ్డ ఒకటి ఏరుకుని పలుచగా బిళ్లలు కోసి వరుసగా పేర్చింది. చిన్నది, కొంచెం పెద్దది, నడుమ అన్నిటికంటే పెద్దది, మళ్లీ చిన్నవి. "గోళం అంటె గీ బిళ్లలన్నీ కలిపితె వచ్చేదే. ఒక్కో బిళ్ల ఎంతుందో కనుక్కొని అన్నీ కూడుడే" అంటూ బండల మీద రాయడం మొదలుపెట్టింది. నాకు తెలియని గుర్తు వచ్చిన ప్రతిచోటా ఆగి చెప్పింది. చివరికి రెండులోంచి రెండు బై మూడు తీసేయాల్సి వచ్చింది. అది రాసేలోపే నాకు కనబడింది. నాలుగు బై మూడు! ఇన్నేళ్లూ ఆ ఉల్లిగడ్డలోనే ఉంది.

గ్రేస్ సుద్ద పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది.

"అర్థమైందా?"

ఎందరిని అడిగానో ఆ మాట నేను! బోర్డు ముందు నిలబడిన నాటినుంచీ నన్ను ఎవరూ అడగలేదు.

"కాలే" అన్నాను. "మళ్ల మొదట్నించి చెప్పు."

గ్రేస్ ఇంకో ఉల్లిగడ్డ తీసుకుంది.