గులాబీ కాకపోతే నీలం

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారానికి, పై తరగతిలో ఏ సబ్జెక్టులు చదువుతారో రాసి ఇమ్మని బడిలో కాగితాలు పంచారు. చిన్నోడు ఇంటిదాకా కూడా ఆగలేదు. బెంచీ మీదే పెట్టుకుని కెమిస్ట్రీ ఎదురుగా టిక్కు కొట్టి ఇచ్చేశాడు. క్లాసులో అందరికన్నా పొట్టి కాబట్టి చిన్నోడయ్యాడు గానీ, పట్టు పట్టాడంటే ఉడుంపట్టే.

మర్నాడు వాళ్లమ్మని తీసుకురమ్మన్నారు.

స్టాఫ్ రూములో కెమిస్ట్రీ సారు ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన క్లాసు టీచరు.

"మీవాడికి రంగులు తెలియవన్న సంగతి మీకు తెలుసు కదమ్మా?" అన్నాడు సారు.

ఆవిడకి తెలియకేం? ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టే మనిషి. వీడికి ఎనిమిదేళ్లప్పుడు ఎర్రదారం అందుకోరా అంటే ఆకుపచ్చది అందించాడు. పరధ్యానమనుకుని రెండుసార్లు మొట్టింది. మూడోసారి అనుమానమొచ్చి కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఎరుపూ ఆకుపచ్చా వీడికి ఇంచుమించు ఒకేలా ఉంటాయనీ, పుట్టుకతో వచ్చినదనీ, మందు లేదనీ డాక్టరు చెప్పాడు. ఆ రోజు వెక్కివెక్కి ఏడ్చింది, రంగుల కోసం కాదు, ఆ మొట్టికాయల కోసం.

"తెలుసండీ."

"ప్రాక్టికల్స్‌లో ద్రావణం లేత గులాబీరంగులోకి తిరిగిన చుక్క దగ్గర ఆపాలి. ఒక్క చుక్క ఎక్కువైనా లెక్క తప్పుతుంది. వీడికి ఆ గులాబీ కనబడదు. కోరి కొరివితో తల గోక్కోవడం ఎందుకు?"

"కామర్స్ తీసుకోమనండి. హాయిగా గట్టెక్కుతాడు," అంది క్లాసు టీచరు. ఆవిడ మంచికే చెప్పింది.

చిన్నోడు తలొంచుకుని నిలబడ్డాడు. తొమ్మిదో తరగతిలో ఇదే సారు నీలం రంగు స్ఫటికాలు వేడిచేసి తెల్లగా చేశాడు. వాటి మీద నీళ్లచుక్క వేస్తే మళ్లీ నీలమైపోయాయి. ఆ రోజు నుంచీ వీడి మనసు అక్కడే ఉంది.

"ఏరా, నీకేం కావాలి?" అంది అమ్మ.

"కెమిస్ట్రీ."

ఆవిడ కాగితం తనవైపు లాక్కుంది. "పరీక్ష తప్పితే మళ్లీ రాస్తాడు సార్. రాయకముందే మనం తప్పించేయడం ఎందుకు?" అని సంతకం పెట్టేసింది.

బయటికొచ్చాక మాత్రం, "పెద్ద మొనగత్తెలా మాట్లాడాను గానీ, నాకూ భయంగానే ఉందిరా," అంది.

మొదటి ప్రాక్టికల్ రోజే సారు మాట నిజమైంది. చిన్నోడు గాజు గొట్టం కుళాయి తిప్పుతూ చుక్కలు వదిలాడు, ఇంకా వదిలాడు. పక్కవాళ్లు "ఆపరా, ఆపు!" అని అరిచేసరికి ఫ్లాస్కులో ద్రావణం చిక్కటి గులాబీరంగులో ఉందట. వీడికి మాత్రం మురికినీళ్లలా అనిపించింది. మూడు వారాలు అదే తంతు.

ల్యాబులో సీసాలు కడిగే పెద్దాయన ఒకడుండేవాడు. ఒకరోజు అందరూ వెళ్లాక కూడా చిన్నోడు బల్ల దగ్గరే నిలబడి ఉండటం చూశాడు.

"బాబూ, నీకు అసలేం రంగులు బాగా కనబడతాయి?"

"నీలం, పసుపు బాగానే కనబడతాయి తాతా. ఎరుపు, ఆకుపచ్చలతోనే పేచీ."

"మరి చెప్పవేం! గులాబీ కాకపోతే నీలం. పై అరలో ఇంకో మందుంది. రెండు చుక్కలేస్తే గులాబీకి బదులు నీలంలోకి తిరుగుతుంది. ఈ ప్రయోగానికి అదీ పనికొస్తుందని పాత సారు వాడేవాడు. వెళ్లి మీ సార్‌ని అడుగు. నేను చెప్పానని మాత్రం అనకు, సీసాలు కడిగేవాడు పాఠాలు చెబుతున్నాడంటారు."

చిన్నోడు అడిగాడు. సారు స్టూలు వేసుకుని ఎక్కి, దుమ్ము పట్టిన సీసా తనే దించాడు.

"నీలాంటివాడే ఒకడు నా దగ్గర చదివాడురా. ప్రాక్టికల్స్ తప్పి, బడే మానేశాడు. నిన్ను చూస్తే వాడే గుర్తొచ్చాడు. ఈ సీసా సంగతి అప్పుడూ నాకు తట్టలేదు, ఇప్పుడూ నువ్వడిగేదాకా తట్టలేదు," అన్నాడు.

ఆ సాయంత్రం తెల్లటి పలక మీద ఫ్లాస్కు పెట్టి చిన్నోడు చుక్కచుక్కా వదిలాడు. ఏమీ లేదు, ఏమీ లేదు. ఉన్నట్టుండి లేత నీలం. టక్కున కుళాయి కట్టేశాడు.

వార్షిక పరీక్షలో ఆ సీసా వాడుకోవడానికి సారు ముందుగానే అనుమతి రాయించి పెట్టాడు. బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి చిన్నోడి మూడు కొలతలూ చూశాడు. మూడూ దాదాపు ఒకటే. "బాగా చేశావు," అని పక్క బల్లకి వెళ్లిపోయాడు. అంతే. ఇన్నాళ్ల దిగులుకి ఆ రెండు మాటలే సరిపోయాయి.

ఇంటికొచ్చేసరికి అమ్మ పళ్ల మధ్య గుండుసూదులు పెట్టుకుని ఎవరిదో చొక్కా సరిచేస్తోంది. నోరు తెరవలేక కనుబొమలెగరేసి అడిగింది.

"సరిగ్గా వచ్చిందమ్మా. మూడుసార్లూ."

ఆవిడ సూదులన్నీ ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలింది.

"హమ్మయ్య," అంది. "ఏడాదిగా సరిగ్గా ఊపిరి పీల్చుకోలేదురా నేను. వెళ్లు, కాళ్లు కడుక్కుని రా, అన్నం పెడతాను."

చిన్నోడికి అప్పుడు తెలిసింది, పొద్దుటినుంచీ ఏమీ తినలేదని. కడుపు నకనకలాడిపోతోంది.