పన్నెండో ప్రతిలో నాన్న బతికాడు

మా కథల వర్క్‌షాపులో ఒకటే నియమం. కథ రాసినవాళ్ళు నోరెత్తకూడదు. మిగతావాళ్ళు ఆ కథని చేపలా చీల్చి, ఉప్పు పట్టించి, ఎండేస్తుంటే బుద్ధిగా చూస్తూ కూర్చోవాలి. రాసిందెవరో కూడా చెప్పరు, కాగితం మీద పేరుండదు. ఏడుగురిలో ఆరుగురు మాట్లాడుతుంటే ఏడో మనిషి తలొంచుకుని బల్ల మీద గీతలు లెక్కపెడుతూ ఉంటుంది. రాసిందెవరో కనిపెట్టడం చాలా కష్టం మరి.

ఏటా ఇలోయిలో నగరంలో జరిగే ఈ మూడు వారాల వర్క్‌షాపు ఈసారి మా ఊరి కాలేజీకి వచ్చింది. నేను చదివిన కాలేజీయే. మా వంశంలో డిగ్రీ అన్నది మొదట చూసింది నేను కాబట్టి పెద్దలు చెప్పింది చెప్పినట్టు చెయ్యడం నాకు అలవాటు. ఆ అలవాటే నా కథని చంపింది.

కథ చాలా చిన్నది. నేను పట్టా పుచ్చుకున్న రోజు గురించి. మా దగ్గర పిల్లలకి కాగితం ముక్క ఇచ్చినా తల్లినో తండ్రినో వేదిక ఎక్కిస్తారు, పతకమైతే వాళ్ళ చేతే మెడలో వేయిస్తారు. అమ్మ అప్పటికి కువైట్‌లో ఎవరి పిల్లల్నో పెంచుతోంది. నాన్న రావాలి. నా పేరు పిలిచారు. నాన్న రాలేదు. వేదిక మీంచి చూస్తే గేటు బయట, వానలో, తన ట్రైసికిల్ పక్కన రబ్బరు చెప్పులతో నిలబడి కనిపించాడు. పక్కన తొట్టి తగిలించిన ఆ మోటారు సైకిలే మా ఇంటి అన్నం. చివరికి నా పతకం క్లాసు టీచరు వేసింది. ఆ చెప్పులతో లోపలికి రావడానికి నాన్న సిగ్గుపడ్డాడని నాకు అప్పుడే అర్థమైపోయింది. నాలుగేళ్ళు గడిచినా నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. కథ మాత్రం రాశాను.

మా కథలు దిద్దడానికి రాజధాని మనీలా నుంచి వచ్చిన మామ్ సెలెస్తినా మొదట గొంతు సవరించుకుంది. ఆవిడ జుట్టు సెలూన్‌లో కట్టిన గోపురంలా ఉంటుంది, తల తిప్పితే అది కొంచెం ఆలస్యంగా తిరుగుతుంది.

"ఈ తండ్రి నమ్మశక్యంగా లేడు" అంది. "సిగ్గు మాత్రం అద్భుతం. ఆ చెప్పులు చూడండి, అబ్బ! వాటిని ఇంకా పెంచాలి. తండ్రిని తగ్గించాలి."

రెండో గురువు సర్ రోడెల్ కళ్ళజోడు తీసి తుడిచాడు. "అంతా బాగానే ఉంది కానీ, ఇందులో దేశం ఎక్కడ?"

దేశం ఎక్కడో నాకూ తెలీదు. నోట్సులో రాసుకున్నాను: దేశం వెతకాలి.

రెండో ప్రతిలో చెప్పులు పెంచాను. నాలుగో ప్రతికి అవి మూడు పేజీలయ్యాయి. "కూతురు ఎక్కువ ఏడుస్తోంది" అన్నారు, ఏడుపు తీసేశాను. "కూతురికి గుండె లేదు" అన్నారు, మళ్ళీ పెట్టాను. ఏడో ప్రతికి సర్ రోడెల్ కథని బండి నోటితో చెప్పించమన్నాడు, చెప్పించాను. తొమ్మిదో ప్రతికి మామ్ సెలెస్తినా "ఇలాంటి కథలో ఎవరో ఒకరు పోవాలి కదమ్మా" అంది. ఇంట్లో ఉన్నది నేనూ నాన్నా. కథ రాయడానికి నేను కావాలి. కాబట్టి నాన్నని చెరకు లారీ కింద పడేశాను. దేశం కూడా ఉండాలి కదా అని ఆ లారీకి జెండా రంగులేశాను. పదకొండో ప్రతి చూసి ఇద్దరూ "ఇప్పుడు దారిలో పడింది" అన్నారు.

అంతా బాగానే ఉండేది. కానీ ఆఖరి శనివారం మధ్యాహ్నం మేం మా కథలు ఇంటివాళ్ళ ముందు చదవాలి. నాన్నకి చెప్తే "వస్తా" అన్నాడు.

ఒకసారి రాని మనిషి. ఇప్పుడొచ్చి, ఊరంతా చూస్తుండగా, తన చెప్పుల గురించి మూడు పేజీలు విని, ఆ తర్వాత లారీ కింద పడి చచ్చిపోవాలి. లేచి వెళ్ళిపోతే ఇంక జన్మలో నా కోసం ఆ కాలేజీ గుమ్మం తొక్కడు. వద్దని చెప్పలేను, వేరే కథా లేదు.

అందుకే గురువారం పొద్దున ముందే చదివి వినిపించాను. నాన్న పాన్‌దెసాల్ రొట్టె కాఫీలో ముంచుకుంటూ విన్నాడు.

"ఇంతకీ పోయిందెవరు?"

"నువ్వే నాన్నా."

"ఎలా?"

"చెరకు లారీ గుద్ది."

"తప్పెవరిది?"

నోట్సు తిరగేశాను. "దేశానిది."

"లారీ తోలింది దేశమా?" నాన్న రొట్టె కింద పెట్టేశాడు. "ఇందాయ్, తల్లీ, ఇరవై రెండేళ్ళుగా తోలుతున్నా. ఒక్కసారైనా గీత దాటానా? ఇది స్టాండులో వాళ్ళు వింటే నా మొహం చూస్తారా?"

"కథ నాన్నా అది."

"కథయితే మాత్రం? బండే చెప్తున్నట్టు రాశావు, బండికైనా తెలీదా బ్రేకు ఎక్కడుందో?" కాగితం తన వైపు తిప్పుకున్నాడు. "ఇదేమిటి, 'తన చెప్పుల వంక చూసుకుని గేటు దగ్గరే ఆగిపోయాడు' అని?"

"సిగ్గుపడ్డావుగా."

"దేనికి?"

"చెప్పులకి."

"అవి కొత్త చెప్పులే! ఆ రోజు కోసం కొన్నవి!"

నేను నోరు మూసుకున్నాను. వర్క్‌షాపు అలవాటు.

"ఆ రోజు వాన కదా," అన్నాడు నాన్న. "తల్లులందరూ తెల్లారకముందే జుట్లు చేయించుకుని జీప్నీ బస్సు దిగి రోడ్డు మీద ఇరుక్కుపోయారు. అక్కణ్ణించి కాలేజీకి కిలోమీటరు. ఆ జుట్లు తడిస్తే ఫోటోలు ఏం కావాలి? ఉన్నది నా బండొక్కటి. తెచ్చి దింపుతున్నా. పిలిచేది ఇంటిపేర్ల వరసలో అన్నారు. మనది టోరెఫియెల్, చివరి నుంచి నాలుగోది. బోలెడు టైముందిలే అనుకున్నా."

"పతకాలవాళ్ళని ముందు పిలుస్తారు నాన్నా."

"అది నాకెవరు చెప్పారు? మనింట్లో అంతకుముందు ఎవరికొచ్చింది పతకం?"

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వడిగావా? మొహం ముడుచుకుని బండెక్కావు. పట్టా వచ్చినవాళ్ళు అలాగే ఉంటారేమో అనుకున్నా."

ఆ రెండు రోజులు పన్నెండో ప్రతి రాశాను. లారీ తీసెయ్యడం తేలిక. బండి నోరు మూయించడం ఇంకా తేలిక. చెప్పుల పేజీలు మాత్రం చేతికి రాలేదు. నేను రాసినవాటిలో అందరూ మెచ్చుకున్నవి అవే, అబద్ధమూ అవే. రెండుసార్లు కొట్టేసి రెండుసార్లు వెనక్కి తెచ్చుకున్నాను. శనివారం పొద్దున కొట్టేశాను. ఆ చోట ఒకే వాక్యం మిగిలింది: చెప్పులు కొత్తవి.

మధ్యాహ్నం నాన్న వచ్చాడు. ఆఖరి వరసలో, తలుపు పక్కన కూర్చున్నాడు. నేను చదివాను. పాపం నవ్వకూడని చోట తల్లులు నవ్వారు, నవ్వాల్సిన చోట ఒకావిడ ముక్కు చీదుకుంది.

మామ్ సెలెస్తినా మైకు అందుకుంది. "పదకొండో ప్రతి ఎంత బాగుండేది! సిగ్గేదీ? లారీ ఏదీ? ఎవరి జుట్టు కోసమో కూతురి పతకం వదులుకునే తండ్రి ఉంటాడా? నాలుగు ట్రిప్పులట! నమ్మశక్యంగా లేదు."

నియమం ప్రకారం నేను మాట్లాడకూడదు. 

"అయిదు, మామ్," అని తలుపు దగ్గర్నించి వినిపించింది. నాన్న లేచి నిలబడ్డాడు. "నాలుగు కాదు, అయిదు ట్రిప్పులు. అయిదోది మేయరు గారి వదిన, ఇద్దరి చోటు పట్టింది."

హాలంతా వెనక్కి తిరిగింది. రాసినవాళ్ళు నోరెత్తకూడదని నియమం ఉంది కానీ, రాయబడ్డవాళ్ళ గురించి ఎవరూ నియమం పెట్టలేదు. సర్ రోడెల్ నియమాల కాగితం రెండు వైపులా తిప్పి చూశాడు. నేను పెన్ను తీసి 'నాలుగు' కొట్టేసి 'అయిదు' అని దిద్దాను. మూడు వారాల్లో ఇష్టపడి చేసిన దిద్దుబాటు అదొక్కటే.

ఫలహారాలయ్యాయి, సర్టిఫికెట్లు మిగిలాయి. అంతలో వాన పట్టుకుంది. మామ్ సెలెస్తినాకి విమానం టైమైంది, ఎయిర్‌పోర్టు వ్యాను కిలోమీటరు అవతల రోడ్డు మీదే ఆగి ఉంది. ఆవిడ వరండాలో నిలబడి, ఒక చెయ్యి జుట్టు మీద పెట్టుకుని, ఆకాశాన్ని కూడా తిరగరాయమన్నట్టు చూస్తోంది.

నాన్న నా వంక చూశాడు.

"వెళ్ళు నాన్నా."

"పేర్ల వరసలో నువ్వు చివరేగా. ఇట్టే వచ్చేస్తా." బండి తిప్పాడు.

సర్ రోడెల్ మైకు దగ్గరికొచ్చి, ఈసారి కొత్తగా ఉంటుందని పేర్లు చివర్నించి పిలుస్తామన్నాడు. మొదటి పేరు నాదే. ఒక్కదాన్నే వేదిక ఎక్కాను, నవ్వు ఆపుకోలేక ఫోటో చెడగొట్టాను.

ఇది రాస్తే నమ్మశక్యంగా లేదంటుంది మామ్ సెలెస్తినా. ఆవిడ ఆ క్షణానికి మా నాన్న బండిలో, ఒక్క వెంట్రుకా తడవకుండా కూర్చుని ఉంది.