ఖాళీ బస్సుకు కూలి

బస్సు ఆగలేదు. నేను నా రెండు కళ్ళతో చూశాను. కాదనేవాడు ఎవడైనా ఉంటే బొంబాయిలో ఫోరస్ రోడ్డు మూలన బ్యాగుల కార్ఖానాకు వచ్చి, నా కుట్టుమిషను ముందు నిలబడి ఆ మాట అనమనండి.

అప్పుడే తెల్లారింది. స్టాపు నిండా జనం. అందరూ మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన కూలీలు. చేతుల్లో తాపీలు, సద్ది డబ్బాలు. వర్లీలో లేస్తున్న మేడలకు పోవాలి వాళ్ళు. ఎర్ర బస్సు మలుపు తిరిగి వచ్చింది. లోపల డ్రైవరు, కండక్టరు తప్ప నరమానవుడు లేడు. జనం చేతులెత్తారు. డ్రైవరు వాళ్ళను చూశాడు, చూసి వేగం పెంచాడు.

అందరికన్నా ముందు పరుగెత్తింది భూదేవి. పోయినేడు సైటులో పరంజా మీద నుంచి పడ్డప్పటి నుంచి ఆమె కుడి మోకాలు సరిగా వంగదు. అది పరుగెత్తే కాలా? అయినా పరుగెత్తింది. నాలుగడుగులు వేసి బోర్లా పడింది. డబ్బా మూత ఊడి జొన్నరొట్టె రోడ్డు పాలైంది. ఖాళీ బస్సు ఖాళీగానే పోయింది.

"నీ పాడె గట్ట! ఎవనికోసం తిప్పుతున్నవురా గా బస్సు?" అని భూదేవి కూర్చున్నచోటి నుంచే అరిచింది. నేను లేపబోతే చేయి విదిలించుకుంది. "నన్ను లేపుడు గాదు శ్రీనన్నా, దాన్ని ఆపు!"

ఆమె కోపం మీకు అర్థం కావాలంటే ఒక సంగతి చెప్పాలి. కాలు పోయాక తట్ట మోయలేదు కదా, వర్లీలో ఒక మేడలో మెట్లు తుడిచే పని దొరికింది. వేళ దాటితే గేటులోకి రానివ్వరు. నడిచిపోదామంటే కాలు రాదు. ట్యాక్సీ ఎక్కితే కూలి అంతా ట్యాక్సీకే పోతుంది. ఆ బస్సు ఉంటే ఆమెకు పని ఉంది, లేకపోతే లేదు. పని పోతే మళ్ళీ ఊరికి పోవాలి. ఊళ్ళో పని ఉంటే ఇక్కడికి ఎందుకొస్తుంది?

అలా మూడోసారో నాలుగోసారో బస్సు ఆగకుండా పోయిన రోజున గుంపులోంచి ఎవడో రాయి విసిరాడు. వెనక అద్దం పగిలింది. అంతే, జనం బాధ కనపడని పోలీసులకు అద్దం బాధ వెంటనే కనపడింది. లాఠీలతో గల్లీల్లోకి దిగారు. గడప గడపకూ ఒకటే ప్రశ్న. "హర్కత్ కిస్‌నే కీ? బోల్!" అంటే ఆ వెధవ పని ఎవడు చేశాడని. ముసలీ ముతకా, పిల్లా జెల్లా ఒకటే జవాబు చెప్పారు. "హర్కత్ నహీ సాబ్, హమ్‌నే నహీ కియా." ఆ మాట అనీ అనీ వాళ్ళ నోళ్ళకు అలవాటైపోయింది.

ఆ వారంలోనే గోడ మీద ఒక నోటీసు అతికించారు, మరాఠీలో. ఈ రూటు గురించి మునిసిపల్ బడి హాల్లో సునావణీ ఉంది, ప్రజలు వచ్చి తమ మాట చెప్పుకోవచ్చని. మేముండే గదుల వరస మేడను చాలి అంటారు. మా చాలి పెద్ద శంకర్రావు తాత దాన్ని చదివి, అద్దాలు తుడుచుకొని, చప్పరించాడు.

"ఆ బస్సు మనది కాదురా శ్రీనివాస్. పాలమూరు లేబరోళ్ళది. మన పోరగాళ్ళకు బైకులున్నయి. మనకేం గరజ్? ఫుకట్ల లఫడా, ఊకెనే తలనొప్పి."

ఇదీ మా జబ్బు. మా తాతలూ ఈ బొంబాయికి రాళ్ళు మోయడానికే వచ్చారు. మూడు తరాలు గడిచి, ఉండడానికి ఒక ఖోలీ దొరికి, పిల్లలు మరాఠీ మాట్లాడేసరికి మేము పక్కా బొంబాయివాళ్ళమైపోయాం. నిన్న దిగినవాడు మాకు 'లేబరోడు' అయిపోయాడు. చాలిలో ఒక్కరూ సునావణీకి పోలేదు. తాత మనుమరాలు మేఘా, నేను పోదామనుకున్నాం. నాకు కార్ఖానాలో సెలవు దొరికేసరికి ఆలస్యమైంది. ఆ పిల్లకు కాలేజీ. ఇద్దరం బడి మెట్లెక్కుతుండగానే పైనుంచి అరుపు వినపడింది.

పైన ఏం జరిగిందంటే, ఆఫీసరు మరాఠీలో కాయితం చదివాడు. ఇక నుంచి సర్కారు ఇచ్చే అనుదానం డబ్బు ప్రయాణికులున్న రూట్లకే. ఈ రూటులో టికెట్లు తెగడం లేదు కనుక దీన్ని తీసేస్తున్నాం అని. చదివి తలెత్తి అడిగాడు. "కోణాచీ హర్కత్ ఆహే కా?"

మరాఠీలో హర్కత్ అంటే అభ్యంతరం. ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగాడు ఆ మహానుభావుడు. పాలమూరువాళ్ళకు ఆ మరాఠీ ఎక్కడిది? హర్కత్ అన్న మాట చెవిన పడగానే లాఠీలు గుర్తొచ్చాయి. వాళ్ళ మేస్త్రీ కిష్టయ్య గభాలున లేచి చేతులు జోడించాడు.

"నహీ సాబ్! హర్కత్ నహీ! బిల్కుల్ నహీ!"

వెనక హాలంతా లేచింది. "హర్కత్ నహీ! హర్కత్ నహీ!" భూదేవి రెండు చేతులూ ఎత్తి, "మా పోరగాళ్ళు మంచోళ్ళు సారూ, ఏం హర్కత్ లేదు!" అని అందరికన్నా గట్టిగా అరిచింది. ఆఫీసరు జన్మలో అంత సులువైన సునావణీ చూసి ఉండడు. సంతోషంగా రాసుకొని ఫైలు మూసేశాడు.

మేఘా గుంపును తోసుకుంటూ పోయి, "థాంబా సాహేబ్! వాళ్ళకు మీరడిగింది అర్థం కాలేదు!" అని మొత్తుకుంది. అతను గడియారం చూసుకొని వెనక తలుపులోంచి వెళ్ళిపోయాడు. గుమ్మంలో నిలబడి నేను నెత్తి కొట్టుకున్నాను.

"ఏమాయె శ్రీనన్నా? రాయి కేసు పోయింది గదా?" అని కిష్టయ్య నవ్వుతూ వచ్చాడు.

"కేసు కాదే కిష్టన్నా, బస్సు పోయింది. బస్సు తీసేస్తం, మీకేమన్న అడ్డముందా అని అడిగిండు. లేదన్నరు మీరు."

కిష్టయ్య నవ్వు ఆగిపోయింది. భూదేవి మెట్ల మీద కూలబడింది. "నా నోట్ల మన్నుబడ. నా బస్సును నేనే సాగనంపిన్నా?" అని నోటి మీద కొట్టుకుంది. ఒకరిద్దరు ఏడవలేక నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. కూలివాడికి తెలియని మాటలో అడిగి, తెలియక చెప్పిన జవాబును ఒప్పుకోలుగా రాసుకోవడం దొంగతనం కాక మరేమిటి?

మర్నాడు పనులు మానుకొని అందరం వార్డు ఆఫీసుకు పోయాం. కిటికీల కింద నిలబడి "హర్కత్ హై! హజార్ బార్ హై!" అని అరిచాం. బంట్రోతు కిందికి దిగొచ్చి, రికార్డు పైకి పోయింది, సోమవారం నుంచి బస్సుండదు, ఇళ్ళకు పొండి అన్నాడు.

ఇళ్ళకు పోలేదు. మా చాలి నడవలో కూర్చున్నాం. నల్లా దగ్గర ఆడవాళ్ళు, మెట్ల మీద మగవాళ్ళు, పై అంతస్తు రెయిలింగులకు వేలాడుతూ మా చాలి పక్కావాళ్ళు, తమాషా చూడ్డానికి. మేఘా లేచి నిలబడింది.

"ఈ బస్సు నడిపే ఠేకేదారుకు సర్కారు పైసలు ఎట్ల ఇస్తదో తెలుసా? బస్సు ఎంత దూరం తిరిగితే అంత. మనుషులు ఎక్కినా ఎక్కకున్నా వాడికి ఒకటే. ఆగితే టైమ్ పోతది, డీజిల్ పోతది. అందుకే ఆగడు. మళ్ళీ అదే సర్కారు రూటు ఉంచాల్నా తీసెయ్యాల్నా అని ఎట్ల చూస్తది? టికెట్లు చూస్తది. వాడు మనల్ని ఎక్కించుకోడు. వీళ్ళేమో మీరు ఎక్కలేదు గదా అంటరు. సమజ్‌లా?"

కిష్టయ్య తలపాగా తీసి మోకాలికి వేసి కొట్టాడు. "అంటే ఖాళీ బండికి కూలా? మేము తట్ట ఎత్తితేనే కూలి బిడ్డా. సిమెంటు లేని తట్ట నెత్తిన పెట్టుకొని పొద్దుగాల నుంచి మాపటిదాకా తిరిగితే ఏ మేస్త్రీ అన్న ఇస్తడా? తన్ని తరుముతడు. గీడ ఖాళీ తట్ట మోసెటోనికి సర్కారే పిలిచి ఇస్తున్నది!"

"ఎవని పైసలు గవి?" అంది భూదేవి. "అగ్గిపెట్టె కొన్నా సబ్బు కొన్నా పన్ను మనమే గట్టవడితిమి. మన పైసల్తోని బస్సు గొని మన మొఖం మీదికెల్లే పోనిస్తరా?"

పైనుంచి శంకర్రావు తాత గొంతు వినపడింది. "అరే బాబా, లొల్లి చేసి ఏం చేస్తరు? ఎల్లుండికి ఇంకో సైటు చూసుకుంటరు, పోతరు. మీకీ ఊరేంది?"

భూదేవి తలెత్తింది. "తాతా, ఒక మాట అడుగుత, కోపం చెయ్యకు. గీ చాలి ఎవరు గట్టిన్రు?"

"మా నాయన, మా తాత. ఈ గోడలే కాదు, ఈ బొంబాయిల సగం వాళ్ళే కట్టిన్రు."

"యాడికెల్లి వొచ్చిండు మీ తాత?"

జవాబు అందరికీ తెలుసు. కామాఠీ అంటేనే మట్టి పని చేసే తెలుగు కూలివాడు. ఆ పేరే ఈ పేటకు పెట్టారు.

"పనికి వొచ్చినోని పేరు పేటకు బెట్టిన్రు గని, పనికి వోయే బస్సు మాత్రం ఆపరా?" అంది భూదేవి. తాత "ఊకో, నాకే నేర్పుతవా" అని గొణిగి లోపలికి పోయాడు. తలుపు మాత్రం వేసుకోలేదు.

రాయి కొడదామన్నారు కొందరు కుర్రవాళ్ళు. కొడితే అద్దం పగులుతుంది, అద్దానికీ సర్కారే వాడికి పైసలిస్తుంది అని మేఘా అంది. దరఖాస్తు పెడదామన్నాడు ఇంకొకడు. మనమడిగితే మళ్ళీ మన నోటితోనే ఏదో అనిపిస్తారు పో అన్నారు ఆడవాళ్ళు. అరుపులు, వాదులాటలు. చివరికి కిష్టయ్య చెయ్యెత్తాడు.

"స్లాబు ఏద్దాం."

కూలీలకు వెంటనే అర్థమైంది. మిగతావాళ్ళకు విప్పి చెప్పాడు. స్లాబు వేసే రోజున ఒకసారి సిమెంటు మాలు కలిపాక మధ్యలో ఎవడూ దిగడు. వాన రానీ, జ్వరం రానీ. మధ్యలో ఆపితే అతుకు పడుతుంది, స్లాబు పగులుతుంది. అంచు నుంచి అంచు దాకా పడ్డాకే అందరూ ఒక్కసారి దిగుతారు. "బస్సు గట్ల ఎక్కుదాం. ఆఫీసరొచ్చి రూటు ఉంటది, ప్రతి స్టాపుల బస్సు ఆగుతది అని రాసిచ్చేదాక ఒక్కడు దిగొద్దు."

శుక్రవారం పొద్దున రోడ్డుకు అడ్డంగా వరస కట్టాం. తట్టలు అందించుకునే వరస అది, మోచేతికి మోచేయి తగిలేంత దగ్గరగా. ఆ చివర పాత గొడుగు పట్టుకొని శంకర్రావు తాత వచ్చి నిలబడ్డాడు. ఆయన వెనక చాలి ఆడవాళ్ళు కొందరు, బైకులు పక్కన పెట్టేసిన పోరగాళ్ళు.

బస్సు వచ్చింది. హారన్ మోగించింది. వరస కదల్లేదు. కీచుమని ఆగింది.

"బాజూలా వ్హా రే!" అని డ్రైవరు కిటికీలోంచి అరిచాడు. పాతికేళ్ళు ఉంటాయేమో, పీక్కుపోయిన మొహం. "ఆగితే నా హాజరీ కట్ చేస్తారు! నా పొట్ట కొట్టకండి!"

"నీతోని పంచాది లేదు తమ్మీ," అన్నాడు కిష్టయ్య తన వచ్చీరాని హిందీలో. "ఆగొద్దన్నోడు నిన్నూ బతకనిస్తలేడు, మమ్మల్నీ బతకనిస్తలేడు. తలుపు తియ్యి." డ్రైవరు తలుపు తెరిచాడు.

భూదేవి మొదట ఎక్కింది, కుంటుతూ, రెండు చేతులతో కడ్డీ పట్టుకొని. వెనక మేమందరం. సీట్లు నిండాయి, నడవ నిండింది, మెట్లు నిండాయి. ఆఫీసరు వస్తాడని చూశాం. రాలేదు. పోలీసులు వచ్చారు.

ఇన్‌స్పెక్టరు కింది నుంచి దిగమన్నాడు. తాత గొడుగు తాటించి, "స్లాబు పడలే ఇంకా!" అన్నాడు తెలుగులో. బస్సంతా నవ్వింది. నిన్నటిదాకా ఆ మాట తెలియని మనిషి! లాగబోతే ఒకరి చేయి ఒకరం పట్టుకున్నాం. వ్యాను చూస్తే ఒక్కటే, మేము వ్యానులో పట్టేవాళ్ళమా? ఇన్‌స్పెక్టరుకు చిర్రెత్తి తనే ఫుట్‌బోర్డు ఎక్కాడు. అందరూ అరెస్టయినట్టే అన్నాడు. బస్సును తిన్నగా ఠాణాకు పోనిమ్మని డ్రైవరు మీద అరిచాడు.

బస్సు కదిలింది. భూదేవి తన కొంగు ముడి విప్పి కండక్టరు వైపు చెయ్యి చాచింది. కండక్టరమ్మ పేరు సీమా, ఇంతసేపూ ఒక మూల బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంది.

"టికెట్ కొట్టమ్మా."

"అరెస్టయినోళ్ళకు టికెట్టేంది?" అని ఇన్‌స్పెక్టరు కసిరాడు.

"ఎక్కినోళ్ళ లెక్క మీ సర్కారుకే గావాలె గద సారూ," అంది భూదేవి. "కొట్టమ్మా, బిడ్డా."

సీమా ఇన్‌స్పెక్టరును చూసింది, మమ్మల్ని చూసింది. "బస్సెక్కిన ప్యాసింజరుకు టికెట్ ఇవ్వకపోతే నాకు మెమో ఇస్తారు సాహేబ్," అంటూ మిషను నొక్కింది. చిన్న కాయితం బయటికొచ్చింది. తర్వాత కిష్టయ్యకు, తాతకు, మేఘాకు, నాకు. మిషను ఆగకుండా కొడుతూనే ఉంది. ఇన్‌స్పెక్టరు ఫోనులో ఎవరితోనో అరుస్తున్నాడు, మా గోలలో ఆయన గొంతు ఎవరికీ వినపడటం లేదు.

ముందు ఇంకో స్టాపు. అక్కడా జనం, అక్కడా తట్టలు, డబ్బాలు. ఎప్పటిలాగే చేతులెత్తారు. మొహాల్లో ఆశ ఏమీ లేదు. వాళ్ళ దగ్గరా ఈ బస్సు కొన్నాళ్ళుగా ఆగింది లేదు.

"రోకూ నకో! పోనీ!" అని ఇన్‌స్పెక్టరు డ్రైవరు భుజం పట్టుకు ఊపాడు.

డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టాడు. బస్సు సరిగ్గా స్టాపు ముందు ఆగింది. తలుపు తెరుచుకుంది. కింద నిలబడ్డ ఆడమనిషి, నెత్తి మీద ఖాళీ తట్టతో, నిండిన బస్సునూ పోలీసునూ మార్చి మార్చి చూసింది.

"యాడికి పోతదక్కా గిది?"

"ఠాణాకు," అంది భూదేవి, కిటికీలోంచి తల బయటపెట్టి. "వొస్తవా?"

ఆమె వెనక్కి తిరిగి తనవాళ్ళను ఒకసారి చూసింది. తట్ట దించి చంకన పెట్టుకుంది. కుచ్చెళ్ళు ఎగదోపుకొని, ఇన్‌స్పెక్టరును పక్కకు జరగమని మెట్టెక్కి, టికెట్ అడిగింది.