రెండో తుమ్ము

"క్రిస్టీనా! ఏమ్మాయ్, క్రిస్టీనా! కిందికి దా ఒకసారి. రెండోది రావట్లేదు."

యజమాని వెంకటనారాయణ గారి కేక ఇనప మెట్లెక్కి రేకుల గదిలోకి వచ్చేసరికి క్రిస్టీనా మిరపకాయ తొడిమకి ఆకుపచ్చ రంగు వేస్తోంది. ఆ కేకకి అర్థమేంటో వచ్చిన వారానికే తెలిసిపోయింది ఆమెకి. బ్రష్షు నీళ్ళ డబ్బాలో పడేసి, చున్నీ సర్దుకుని దిగింది.

కింద విత్తనాల కొట్లో ఒక రైతు ముక్కు పైకెత్తి, నోరు కొంచెం తెరిచి, వీధిలో ఎండకేసి చూస్తూ నిలబడ్డాడు. చేతిలో మిరప విత్తనాల ప్యాకెట్టు, దాని మీద క్రిస్టీనా వేసిన ఎర్ర మిరపకాయ. ఆ బొమ్మని వాసన చూసి ఒకసారి తుమ్మాడు. రెండో తుమ్ము కోసం కొట్టు కొట్టంతా ఎదురు చూస్తోంది. అది ముక్కు దాకా వచ్చి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి వెళ్ళిపోయింది.

"ఘాటు బానే ఉందండీ," అన్నాడు రైతు మొహమాటంగా. "కాకపోతే ఒంటి తుమ్ము. విత్తనం దగ్గర ఒంటి తుమ్మంటే..."

బల్ల మీద కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, దోషం పోయిందనుకున్నాక చెప్పులేసుకుని పక్క కొట్లోకి వెళ్ళిపోయాడు.

"చూశావా?" అన్నారు వెంకటనారాయణ గారు. "ఒంటి తుమ్ము అపశకునం, జంట తుమ్ములు శుభం. పసిపిల్లలక్కూడా తెలుసు. నాకు రెండోది కావాలమ్మాయ్. మన వ్యాపారమంతా ఆ రెండో తుమ్ములోనే ఉంది."

"మేం శకునాలు నమ్మమండీ."

"నువ్వు నమ్మక్కర్లేదమ్మా. వేస్తే చాలు."

క్రిస్టీనా ఏ బొమ్మ వేస్తే దానికి ఆ వాసన వస్తుంది. చిన్నప్పట్నుంచీ అంతే. సండే స్కూల్లో ఐదు రొట్టెలూ రెండు చేపలూ వెయ్యమంటే, వేసిన కాసేపటికి చర్చి వెనక తిరిగే పిల్లి వచ్చి పలక పక్కన కూర్చుంది. టీచరమ్మ పిల్లిని అదిలించి, "రొట్టెలు నాలుగే వేశావేంటే, ఐదోది ఎవరు తిన్నారు?" అని నెత్తిన మొట్టింది. యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్‌లో చేరాక ఒకసారి మామిడిపళ్ళు ఎదురుగా పెట్టి వెయ్యమన్నారు. ఈమె కాయితం మీద ఈగలు ముసిరాయి. లెక్చరర్ గారు ఆ ఈగల్ని తోలుకుంటూనే, నీడ తప్పు పక్కన పడిందని మార్కులు కోశారు.

అదే క్లాసులో ఫిలిప్ అనే కుర్రాడుండేవాడు. వాడు చూడనప్పుడు వాడి బొమ్మ వేసింది క్రిస్టీనా. ఆ కాయితానికి తొలకరిలో తడిసి ఒంటి మీదే ఆరిన చొక్కా వాసన వచ్చింది. పెట్టె అడుగున దాచుకుంది. వాసన అయిపోతుందేమోనని ఎప్పుడో గాని తీసేది కాదు. ఫిలిప్‌కి ఆ సంగతి తెలియదు.

నాలుగేళ్ళ చదువులో మూడో ఏడు బయటికెళ్ళి పని చెయ్యాలి. ప్లేస్‌మెంట్ అంటారు. ఎక్కడ చేస్తే అక్కడి యజమాని, ఈ పిల్ల ఏడాదంతా బుద్ధిగా పని చేసిందని సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఆ ఏడు లేనట్టే. ఫిలిప్‌కి హైదరాబాదులో కార్టూన్లు తీసే కంపెనీ దొరికింది. క్రిస్టీనాకి దొరికింది గుంటూరులో, మిర్చి యార్డుకి పోయే రోడ్డు మీద ఈ విత్తనాల కంపెనీ. గోడౌను పైన గదీ, యజమాని ఇంటి నుంచి భోజనమూ ఉచితం. పొదిలి దగ్గర పల్లెలో మిరప కోతలకి పోయే తల్లి ఎలీసమ్మ అది విని, "దేవుడు తెరిచిన తలుపు తల్లీ," అంది. ఆ తలుపులోంచి లోపలికొచ్చాక తెలిసింది, గదికి ఒకటే కిటికీ అనీ, దానికి అడ్డంగా పక్క కొట్టు హోర్డింగు వీపు ఉందనీ.

రెండో తుమ్ము ఎలా తేవాలి? పచ్చికాయ పెట్టుకుని వేసింది, ఎండుకాయ పెట్టుకుని వేసింది, కాయని చీల్చి గింజలు కనబడేలా వేసింది. ఒక్కటే వచ్చేది. విసుగు పుట్టి ఓ పొద్దున కాయని అవతలికి తోసేసి, కళ్ళు మూసుకుని అమ్మ చేతుల్ని తలుచుకుంది.

కోతల రోజుల్లో ఎలీసమ్మ చేతులు ఎంత కడిగినా మండుతూనే ఉండేవి. మజ్జిగలో ముంచుకునేది, కొబ్బరినూనె రాసుకునేది, అయినా మంట మంటే. బిడ్డ ఏడిస్తే కళ్ళు తుడవడానికి ఆ వేళ్ళు పనికిరావు గదా, మోచేత్తో తుడిచేది. బుగ్గ నిమరాలన్నా మోచెయ్యే. గరుగ్గా, చల్లగా ఉండేది. క్రిస్టీనా ఆ మంటనీ ఆ చల్లదనాన్నీ తలుచుకుంటూ కాయ వేసింది.

ఆ ప్యాకెట్టు అచ్చయి వచ్చిన రోజు కొట్లో అన్నీ జంట తుమ్ములే. తుమ్మినవాడల్లా కళ్ళు తుడుచుకుని, నవ్వి, సంచి విప్పాడు. రోడ్డవతల టీ కొట్టాయన కూడా పొద్దున్నే గాలికి రెండు తుమ్మి, "ఇవాళ బేరం బాగుంటది," అనుకునేవాడు. వెంకటనారాయణ గారు గదికి కూలరు కొనిపెట్టారు. వాళ్ళావిడ గోంగూర పచ్చడి పంపించింది. మంచి మనుషులే. చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డవాళ్ళయితే తిట్టుకుని అయినా బయటపడొచ్చు.

అప్పట్నుంచీ ఆమె చేతికి ఇంకో వాసన రాలేదు. ఎప్పుడో చర్చివాళ్ళు తీసుకెళ్ళి చూపించిన కొత్తపట్నం సముద్రం వేసింది. ఉప్పుగాలి రాలేదు, ఘాటొచ్చింది. మల్లెపూలు వేస్తే దగ్గొచ్చింది. ఉండబట్టలేక ఫిలిప్ బొమ్మ ఇంకోటి వేసి, ధైర్యం చేసి కొరియర్లో పంపింది. "కవరు విప్పగానే ఏడుపే ఏడుపు, రూములో అందరం. బాగుంది," అని మెసేజి పెట్టాడు. తన కోసం వాడు ఏడవాలని ఆమె ఎన్నోసార్లు కలగన్నది, నిజమే. ఇలా మాత్రం కాదు.

"సంతకమండీ," అని అడిగినప్పుడల్లా వెంకటనారాయణ గారు నవ్వేవారు.

"సంతకం ఎక్కడికి పోద్దమ్మాయ్? ఈ సీజను ఎత్తనియ్యి. అయినా నాలుగో ఏడు ఎందుకే నీకు? అక్కడ నీకు మార్కులు కోస్తారు, ఇక్కడ నేను జీతమిస్తాను. ఉండిపో."

ఉండిపో అన్న మాటకి రేకుల గది ఇంకాస్త చిన్నదైనట్టు అనిపించేది.

ఎండలు ముదిరాక, పోయినేడు అమ్ముడుపోకుండా ఊళ్ళ నుంచి తిరిగొచ్చిన పెట్టెల్ని గోడౌనులో విప్పడం మొదలెట్టారు. క్రిస్టీనా నీళ్ళ కోసం దిగినప్పుడు, గుమాస్తా వీరబాబు పట్టా పరిచి, విత్తనాలు కుప్పగా పోసి, గులాబీ రంగు మందు కలుపుతున్నాడు. మోచేతుల దాకా గులాబీయే.

"ఏంటన్నా ఇది?"

"ఏం, రంగులేసేది నువ్వొక్కదానివేనా? నేనూ ఆర్టిస్టునే." నవ్వాడు గాని తలెత్తలేదు. "పాత గింజకి కొత్త చీర కడుతున్నా."

"మొలుస్తాయా?"

"మొన్న గోనెపట్టాలో కట్టి తడిపి చూశాం. ఒక్కటీ కళ్ళు తెరవలా. ఏడాదంతా రేకుల కింద ఉడికిందిగా, ఏం మొలుస్తది? నువ్వు పైన కూలరేసుకుని పడుకున్నావు గాబట్టి బతికావు." ఆ తర్వాత గొంతు తగ్గించాడు. "నేను చెప్పానని ఎవరితో అనబాక. నాకు ఇద్దరు పిల్లలు."

సాయంత్రం వెంకటనారాయణ గారే మెట్లెక్కి వచ్చారు. ఎప్పుడూ పైకి రాని మనిషి. కంప్యూటర్లో ప్యాకెట్టు బొమ్మ తెరవమని, వెనకవైపు ప్యాకింగ్ తేదీ దగ్గర వేలు పెట్టారు. "ఇది కొత్త సంవత్సరం చెయ్యమ్మాయ్." ఆ మాట అంటున్నప్పుడు ఆయన హోర్డింగు వీపు వైపు చూస్తున్నారు. "అప్పుల్లో ఉన్నానమ్మా. ఈ ఒక్క సీజను. అమ్మకం అవగానే నీ సంతకం, నీ దారి నీది."

ఆమె మార్చింది. ఒక్క అంకె. చిటికెలో పని.

ఆదివారం అమ్మకి ఫోన్ చేసింది. చెప్పేద్దామనే చేసింది.

"సంతకమైందా తల్లీ?" అంది ఎలీసమ్మ ముందే.

"ఇంకా లేదమ్మా. అమ్మా, ఇక్కడ ఒకటి..."

"అయిద్దిలే. పాస్టరు గారు ఇయ్యాల ప్రార్థనలో నీ పేరు చెప్పారు. సంఘమంతా ఆమెన్ అన్నది. ఆ మాదాల వాళ్ళ కోడలు కూడా అన్నది, నన్ను చూసి మూతి తిప్పేది. నీ డిగ్రీ పట్టా తనే చర్చి గోడకి పెట్టిస్తానంది. నువ్వేందో చెబుతున్నావు?"

"ఏం లేదమ్మా. చేతులెట్టా ఉన్నయ్?"

"ఇప్పుడు కోతల్లేవుగా, సల్లగా ఉన్నయ్."

తొలకరి పడింది. కొట్టు ముందు చెప్పులు కుప్పలయ్యాయి. కొత్త తేదీ వేసిన ప్యాకెట్లు రెండేసి తుమ్ములకి అమ్ముడుపోతున్నాయి. వెంకటనారాయణ గారు క్రిస్టీనాని కౌంటరు పక్కనే కూర్చోబెట్టారు, బొమ్మ వేసిన పిల్లని చూస్తే జనానికి ఇంకా గురి కుదురుతుందని. ప్రతి జంట తుమ్ముకీ ఆమె గుమ్మం వైపు చూసేది. లేచి వెళ్ళిపోదామంటే ఎక్కడికి? అమ్మ దగ్గరికా, ఆమెన్ అన్న సంఘం దగ్గరికా?

ఆ మధ్యాహ్నం కోటిరత్నం అనే ఆమె వచ్చింది. పొదిలి అవతల నుంచి రెండు బస్సులు మారి వచ్చిందట. నడివయసు మనిషి, చీర కుచ్చెళ్ళ దాకా బురద. వస్తూనే కౌంటరు మీద చేతులాన్చి గలగలా మాట్లాడింది.

"పోయినేడు పత్తేశానయ్యా, గులాబీ పురుగు తినేసింది. మా ఆయన ఇంక సేద్యం వద్దు, కూలికి పోదామంటాడు. కౌలు ఇచ్చినాయన ఇదే ఆఖరేడు అన్నాడు. నేనే పట్టుబట్టా, ఒక్కసారి మిరపేసి చూద్దామని. ఈసారి గాని పోయిందా, నేనే ఆయన ముందు నడవాలి కూలికి. మంచి గింజ ఇయ్యి."

"మన గింజకి వంక లేదమ్మా," అన్నారు వెంకటనారాయణ గారు. ప్యాకెట్టు అందించారు. "వాసన చూసుకోండి."

కోటిరత్నం బొమ్మని ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. గట్టిగా ఒక తుమ్ము తుమ్మింది.

కొట్లో మాటలు ఆగాయి. వీరబాబు చేతిలో పెట్టెతో గుమ్మంలోనే ఆగాడు. కోటిరత్నం ముక్కు నలుపుకుంది, వీధి వెలుతురు వైపు తిరిగింది, ఎదురు చూసింది. ఒక్కొక్కరి ముక్కు మొండిది.

"తొందరేముంది, వస్తది," అన్నారు వెంకటనారాయణ గారు. "టీ చెప్పమంటారా?"

ప్రభువా, రానీయకు, అనుకుంది క్రిస్టీనా. తుమ్ము గురించి ప్రార్థన చెయ్యొచ్చో లేదో తెలియదు గాని చేసింది. ఆమెకి తుమ్ము రానీయకు. వెళ్ళిపోనీ. నేనేం చెప్పక్కర్లేకుండా, దానంతట అదే వెళ్ళిపోనీ.

టీ వచ్చింది, తాగడం అయింది. తుమ్ము రాలేదు.

"నా రాతలో లేదేమోనయ్యా," అంది కోటిరత్నం. ప్యాకెట్టు కౌంటరు మీద పెట్టి, సంచి చంకన వేసుకుని లేచింది. గుమ్మం దాకా నడిచింది.

అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి క్రిస్టీనా ఒక్కసారి వదిలి, మళ్ళీ నిండా పీల్చింది. ఈ ఏడాదంతా తన బొమ్మ ముందు ఆమె అంత నిండుగా ఊపిరి పీల్చిందే లేదు. మజ్జిగా, కొబ్బరినూనే, మండుతున్న వేళ్ళూ, అన్నీ కలిసి లోపలికి వచ్చేశాయి. ఆపుకునే లోపే తుమ్మేసింది.

కోటిరత్నం గుమ్మంలో గిరుక్కున తిరిగింది. మొహమంతా నవ్వు.

"ఈ బొమ్మ వేసింది నువ్వేనంట గదా పాపా? ఇంకేం మరి. వేసిన పిల్లే తుమ్మిందంటే సత్యం. నాది ఒకటి, నీది ఒకటి, జంట కుదిరింది." సంచి కిందికి దించి, కొంగు ముడి విప్పసాగింది. "ఎకరానికి సరిపోను ఇయ్యవయ్యా."

వెంకటనారాయణ గారి మొహం వెలిగింది. ప్యాకెట్లు లెక్కపెట్టమని వీరబాబుకి సైగ చేశారు. ఆ సంతోషంలో సొరుగు లాగి, యూనివర్సిటీ కాయితం పైకి తీసి, కలం మూత విప్పారు. "నువ్వు మామూలు పిల్లవి కాదే అమ్మాయ్. దా, ఇదిగో, ఇప్పుడే పెట్టేస్తాను నీ సంతకం."

కలం కాయితానికి ఆనింది. కోటిరత్నం ముడి గట్టిగా పడింది, పళ్ళతో లాగుతోంది. క్రిస్టీనా లేచి నిలబడింది. అమ్మతో మాట్లాడేటప్పుడు వచ్చే పొదిలి గొంతే వచ్చింది.

"తీసుకోబాక పెద్దమ్మా. అది పోయినేటి గింజ, చచ్చిపోయింది, ఒక్కటీ మొలవదు. పైన రంగు కొత్తగా వేశారు. తేదీ నేనే మార్చాను, ఈ చేత్తోనే. నువ్వు తుమ్మింది ఆ గింజ ఘాటుకి కాదు. అది మా అమ్మ చేతుల మంట."