ఓదా అల్మరా

ఆలీద్ పెళ్లి చేసుకుని వెళ్లిపోతోందంటే గెంట్ ఊళ్లో బెగీన్లనే భక్తురాళ్లు ఉండే పేటలో ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. వాళ్లేమన్నా సన్యాసినులా? అక్కడ ఉన్నన్నాళ్లూ పెళ్లి ఊసెత్తకుండా, ప్రార్థన మానకుండా, తమ కూడు తామే సంపాదించుకుంటామని మాట ఇస్తారు, అంతే. వెళ్లాలనిపిస్తే గేటు తీసే ఉంటుంది. వెళ్లినవాళ్లకి మళ్లీ లోపల చోటుండదు, అదొక్కటే మెలిక.

గుండెలో రాయి పడింది ఓదాకి ఒక్కదానికే.

ఓదా పని, మగ్గం దిగిన ఉన్నిబట్టని కిటికీ దగ్గర బల్ల మీద పరిచి, అందులోని ముడుల్నీ గడ్డిపరకల్నీ చిన్న పట్టకారుతో ఏరెయ్యడం. ఆమె చెయ్యి పడిన బట్టని నేతగాళ్లు మళ్లీ తిప్పి చూసేవారు కాదు. అలాంటి మనిషికి కళ్లలో పొరలు కమ్మాయి. ఎదుట మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, ముఖం తెలియదు. ఆ సంగతి ఆలీద్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆలీద్ పక్కనే కూర్చుని తన బట్టతో పాటు ఓదా బట్ట కూడా ఏరేసేది.

చూపు పోయిందని తెలిస్తే కాలవ ఒడ్డున ఉన్న రోగుల ఇంటికి పంపుతారు. అక్కడ వరసగా మంచాలు. పోయినవాళ్లకి స్నానం చేయించడానికి ఓదా చాలాసార్లు వెళ్లింది గానీ, అక్కణ్నుంచి నడిచి తిరిగొచ్చిన మనిషిని మాత్రం చూడలేదు. ఆ ఇల్లంటే ఆమెకి చచ్చేంత భయం.

"ఒక్క మాట చెప్పు ఓదక్కా, ఉండిపోతాను," అంది ఆలీద్ మూట కట్టుకుంటూ.

ఆ మాట ఓదా నాలిక చివరి దాకా వచ్చింది.

"ఉండిపోయి ఏం చేస్తావే, నా ముక్కు తుడుస్తావా? ఆ రంగులద్దేవాడు గేటు దగ్గర వానలో నానిపోతున్నాడు పాపం. మనిషి మంచివాడేనా?"

"మంచివాడే. చేతులే ఎప్పుడు చూసినా నీలంగా ఉంటాయి."

"ముఖం నీలంగా లేదు కదా, చాలు."

"మరి నీ బట్ట పని?"

"దేవుడున్నాడు."

"దేవుడొచ్చి ముడులు తీస్తాడా అక్కా?"

"నోరు మూసుకుని బయల్దేరు!" అని ఓదా దాన్ని గుమ్మం దాటించి, తలుపేసి, ఆ తలుపుకే ఆనుకుని ఏడ్చింది.

మధ్యాహ్నం భోజనాల వేళయింది. ఓదా ఉండే ఇంట్లో అందరూ ఒకే గదిలో తింటారు గానీ ఎవరి కూడు వాళ్లదే. గోడకి వరసగా అల్మరాలు. ఎవరి అల్మరా తలుపు వాళ్లు తెరుచుకుని, లోపలి పలక ముందుకి లాగి, అందరికీ వీపు పెట్టి మాట్లాడకుండా తినాలి. పక్కవాళ్ల పళ్లెంలోకి చూడటమే తప్పు. ఇంకొకరి అల్మరాలో చెయ్యి పెట్టడమంటే దొంగతనమే. ఎవరిదో బేరిపండు తీసుకున్న ఒకావిడకి ఈస్టర్ దాకా నేలమీదే భోజనం పెట్టారు.

ఇన్నాళ్లూ ఓదా తలుపు ఆలీద్ తెరిచేది. ఇవాళ ఓదా తనే పిడులు తడుముకుంటూ వెళ్లి తెరిచింది. చేతికి ఎండు రొట్టె, ఉప్పుచేప తగలాలి. మెత్తటి తెల్ల రొట్టె తగిలింది, పక్కన జున్నుముక్క.

'పిచ్చిపిల్ల! పోతూ పోతూ పెట్టిపోయింది,' అనుకుంది. కళ్లనీళ్లతోనే సగం రొట్టె తినేసింది. పక్కన ఉన్న చిన్న గిన్నెలో ముక్క ముంచుకుని నోట్లో పెట్టుకుందో లేదో, ఆవఘాటు నషాళానికంటింది.

ఆ ఇంట్లో ఆవముద్ద నూరుకునే మనిషి గోదెలీవ ఒక్కతే. నోటి దురుసు మనిషి. "ఓదా అల్మరా తెరిస్తే ఓడరేవు కంపు" అని రోజూ దెప్పుతుంది.

అంటే తను తెరిచింది గోదెలీవ అల్మరా! ఇప్పుడు గోదెలీవ అరుస్తుంది, ఇంటిపెద్ద హైల్విక వస్తుంది, ఇక కాలవ ఒడ్డే గతి అనుకుని ఓదా బిగుసుకుపోయింది.

అరుపు వినపడలేదు. పక్క అల్మరా దగ్గర, అంటే తన అల్మరా దగ్గర, ఎండు రొట్టె విరుగుతున్న చప్పుడు వినపడింది. ఆ తర్వాత దగ్గు.

"ఏమిటా దగ్గు గోదెలీవా?" అంది హైల్విక.

"ముల్లు గుచ్చుకుందమ్మా."

"నీకు చేప పడదు కదే!"

"ఇవాళ తినబుద్ధయింది. తప్పా?"

హైల్విక పీట కిర్రుమంది. తల తిప్పి చూసే ఉంటుంది.

"నీళ్లు తాగు," అని తన తలుపు మూసుకుంది.

భోజనాలయ్యాక ఓదా బల్ల దగ్గరికి వెళితే ఆలీద్ పీట మీద గోదెలీవ కూర్చుని ఉంది.

"జరుగు. ఆ పట్టకారు ఇలా తే."

"నీకెప్పుడు తెలిసింది?"

"పోయిన ఈస్టర్‌కి. నా కొత్త ముసుగు బాగుందని మెచ్చుకున్నావు. నేను తలంటుకుని తువ్వాలు చుట్టుకుని ఉన్నాను."

"హైల్వికమ్మకి?"

"నాకంటే ముందే. కళ్లు పోయింది నీకు గానీ మాకు కాదు కదా! పక్కన ఆ పిల్ల ఉందని ఊరుకున్నాం. ఇప్పుడు నేనున్నాను. ఆ కంపు చేప మాత్రం ఇంకోసారి నాచేత తినిపించకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను."

ఓదా ఆమె చెయ్యి పట్టుకుని భోరున ఏడ్చింది. గోదెలీవ ఆ చెయ్యి లాక్కోలేదు, బట్టని మాత్రం తడవకుండా పక్కకి లాగింది.

మర్నాడు మధ్యాహ్నం ఓదా పిడులు తడుముతూ వెళ్లింది. ఒక పిడికి ఉన్నిదారం చుట్టి, లావుపాటి ముడి వేసి ఉంది. బతుకంతా ముడులు ఏరిన ఆ వేళ్లు దాన్ని మళ్లీ మళ్లీ తడిమాయి. తలుపు తెరవగానే చేపవాసన గుప్పుమంది.

"ఛీ!" అంది పక్కనుంచి గోదెలీవ.