గాలాడే తెరచాప

కొల్లాపూర్‌లో చీరలు నేసే వెంకటనర్సు, ఎండాకాలమంతా కృష్ణలో తిరగాలని హైదరాబాద్ ఆసామి దగ్గర పాత తెరచాప పడవ కొన్నాడు. పడవ గట్టిదే, తెరచాపే చిరిగిపోయింది.

"ఇంట్ల మగ్గం పెట్టుకొని బయట కొంటనా?" అంటూ నెల రోజులు కూర్చుని తనే నేశాడు. ఊరుకోక ఎర్రంచు కూడా వేశాడు.

మొదటి రోజే గాలి జోరుగా వీచింది. పడవ మాత్రం కదల్లేదు. వెంకటనర్సు గాలిని తిట్టాడు, పడవ అమ్మినవాణ్ణి తిట్టాడు.

తెరచాప వెనక కూర్చున్న భార్య రోజారమణి ఎగురుతున్న కొంగు సర్దుకుంది.

"ఎవ్వర్ని తిట్టకు. బట్టకు గాలాడాలె అని ముప్పై ఏండ్ల సంది నేస్తున్నవు. గీ బట్ట సందులకెల్లి గాలంతా నా మీదికే వస్తాంది. మస్తు సల్లగున్నది, జర తెడ్డెయ్యి!"