పాపయ్య చూడని దేశాలు

మారతహళ్ళి బ్రిడ్జి పక్కన సర్వీసు రోడ్డులో, పకోడీ బండికీ ఫోను కవర్లమ్మే కొట్టుకీ నడుమ పాపయ్య బ్యాగుల రిపేరీ అంగడి ఉంది. నిలబడి చేతులు చాస్తే రెండు గోడలూ తగులుతాయి. అంత జాగాలో కూర్చుని అతను ముప్పై ఏళ్ళుగా ప్రపంచాన్ని నడిపిస్తున్నాడు.

నడిపించడమంటే మరేం లేదు, చెప్పడమే. డాలరు ఎందుకు పెరుగుతోందో, చమురు ధర ఎప్పుడు దిగుతుందో, అమెరికా సుంకం వేస్తే ఏ దేశం నడ్డి విరుగుతుందో అన్నీ అతనికి కొట్టిన పిండి. కొత్త ఫోను కొన్నవాడెవడైనా అంగడి మెట్టెక్కితే, పాతదానిలో లేనిది ఇందులో ఏముందో చెప్పి కదలమని నిలదీసేవాడు. బ్యాటరీ పెట్టిన స్మార్టు సూట్‌కేసులంటే ఒళ్ళు మంట. పెట్టెకు మంచి చక్రమూ గట్టి జిప్పూ ఉంటే చాలు, తెలివి మోసేవాడికుండాలి అనేవాడు.

ఈ జ్ఞానమంతా పెట్టెల నుంచే వచ్చింది. ఏ సూట్‌కేసు రిపేరీకి వచ్చినా పాపయ్య మొదట దాన్ని తలకిందులు చేసి, చక్రం మీద బొటనవేలు ఆనించి తిప్పుతాడు. అరిగిన తీరు చూసి, ఇది యూరప్ పోయొచ్చింది, అక్కడ వీధుల్లో రాళ్ళు పరుస్తారు అంటాడు. ఇది దుబాయి పెట్టె, నున్నగా అరిగింది అంటాడు. పదిసార్లకు ఏడుసార్లు నిజమయ్యేది. తక్కిన మూడుసార్లూ పెట్టె తెచ్చిన గిరాకీకే గుర్తు లేదని తేల్చేసేవాడు.

ఇన్ని దేశాలు తెలిసిన పాపయ్య ఇంతవరకూ విమానం ఎక్కలేదు. ఆ సంగతి గిరాకీలెవరికీ తెలియదు, ఎక్కారా అని అడగాలని ఎవరికీ తోచనూ లేదు. తెలిసింది అతని భార్య జయమ్మకే. అంగడి వెనక సందులోనే ఇల్లు. మధ్యాహ్నం అన్నం క్యారియరు తెచ్చి, సాయంత్రం దాకా జిప్పులు కుట్టిపెట్టి పోతుంది. దేవనహళ్ళిలో విమానాశ్రయం తెరిచిన ఏడు మొదలు ఆమెకు ఒకటే ఆశ, ఒక్కసారి విమానం ఎక్కాలని. అదీ మొగుడి పక్కన కూర్చుని.

పాపయ్య ఎప్పుడూ వద్దనలేదు. ఇది సమయం కాదన్నాడంతే. సింగపూర్ అంటే రూపాయి పడిపోయిందన్నాడు. శ్రీలంక అంటే, దివాలా తీసిన ఇంటికి చుట్టంగా పోతామా అన్నాడు. దుబాయి అంటే యుద్ధమూ చమురూ కలిపి గంటసేపు చెప్పాడు. ప్రపంచం ఒక్క ఏడు కూడా జయమ్మకు అనుకూలంగా లేకపోయింది.

అసలు సంగతి పాపయ్య కడుపులోనే ఉంది. భయం. విమానం కూలుతుందని కాదు. ఆ పెద్ద అద్దాల తలుపుల ముందు నిలబడి, ఎటు పోవాలో తెలియక ఇంకొకణ్ణి అడగాల్సి వస్తుందని. బెల్టు ఎక్కడ విప్పాలో, ఫోను ఏ ట్రేలో పెట్టాలో, సీటు ఎక్కడుందో అన్నీ అడగాలి. లోకానికంతా దారి చెప్పేవాడు, వరుసలో వెనక నిలబడ్డ చిన్నపిల్ల చెబితే తెలుసుకోవాలి. ఆ తలవంపు తలుచుకుంటేనే అతనికి చెమటలు పట్టేవి.

ఈ ఏడు పక్కింటి సుశీల, రిటైరైన టీచరమ్మ, వీధిలో ఆడవాళ్ళను ఆరుగురిని పోగుచేసి వియత్నాం ప్రయాణం కట్టింది. జయమ్మ మొగుడికి చెప్పింది. పాపయ్య సుంకాల సంగతి ఎత్తుకున్నాడు. అమెరికా దెబ్బకు ఆ దేశం అల్లాడిపోతోందనీ, ఈ ఏడు బుద్ధున్నవాడెవడూ అటు పోడనీ వివరించాడు. జయమ్మ అంతా విన్నది.

"సుంకాలు చెప్పులకూ బట్టలకూ వేసినారంట. నేను చూసి వచ్చేకి పోతాండా," అన్నది. "వస్తే రా. రాకపోతే నేను పొయ్యొస్తా."

ఆమె పాస్‌పోర్టు ఎప్పుడు చేయించుకుందో కూడా పాపయ్యకు తెలియదు. మర్నాడు అంగట్లో ఉన్నవాటిలోకెల్లా మంచి చక్రాలు నాలుగు తీసి ఆమె సూట్‌కేసుకు బిగించాడు. చేతనైంది అదొక్కటే.

ఆరు రోజులకు జయమ్మ తిరిగొచ్చింది. అన్నం తిన్నావా అన్నాడు పాపయ్య. ఇంకేమీ అడగలేదు. ఎట్లుండె అని అడిగితే, తనకు తెలియదని ఒప్పుకున్నట్టే గదా. జయమ్మా తక్కువది కాదు, అడగని మొగుడికి చెప్పడానికి ఆమెకూ మనసు రాలేదు. వీధి వీధంతా ఆమె ఫోనులో ఫోటోలు చూసింది. కట్టుకున్నవాడు చూడలేదు. మూడు వారాలు గడిచినా ఆ ఇంట్లో వియత్నాం మాట లేదు. జయమ్మ పక్కన కూర్చుని కుట్టుకుంటుంటే, ఆమె నోటి దాకా వచ్చిన మాట ఆగిపోవడం పాపయ్యకు తెలుస్తూనే ఉండేది. తప్పు తనదేనని కూడా తెలుసు.

కానీ నోరు ఊరుకుంటుందా. ఆమె తిరిగొచ్చిన మర్నాడే, ఇంట్లో లేని సమయం చూసి, సూట్‌కేసు తిరగేశాడు. ఒక చక్రం అంచు విరిగి ఉంది. అంత గట్టి చక్రం ఆరు రోజుల్లో విరిగిందంటే ఆ దేశంలో కాలిబాటలు ఎంత పాడుగా ఉండాలి? దాని మీద పెద్ద సిద్ధాంతమే కట్టేశాడు. డబ్బంతా కార్ఖానాలకు పోసి, నడిచేవాడి కాళ్ళ కింద చూడని దేశమది. ఎగుమతుల మోజు అంటే ఇదే. జయమ్మ అంగడికి రాకముందు, పొద్దుటిపూట వచ్చే గిరాకీల్లో కనీసం ఇరవైమందికి చెప్పి ఉంటాడు. అందరూ తలలూపారు.

ఒక శనివారం మధ్యాహ్నం హర్ష అనే కుర్రవాడు వచ్చాడు. కుందలహళ్ళి కంపెనీలో పని, మంగళగిరివాడు. సూట్‌కేసు హ్యాండిలు పైకి రావడం లేదు. వచ్చే వారం ఫ్రెండ్స్‌తో వియత్నాం వెళ్తున్నానన్నాడు. అంతే, పాపయ్య మొదలుపెట్టాడు. జయమ్మ పక్కనే ఉందన్న సంగతి మరిచాడు. సాక్ష్యం కావాలంటే చూడమని, చక్రం మారుస్తానని తెచ్చి మూల పెట్టిన ఆమె సూట్‌కేసు లాగి, విరిగిన చక్రం హర్ష ముఖానికి ఎదురుగా పెట్టాడు.

జయమ్మ దారం పంటితో తెంపింది. గిరాకీల ముందర ఆమె మొగుణ్ణి "మీరు" అంటుంది.

"ఆ చక్రం ఆడ ఇరగలేదండీ," అన్నది. "మన సందులో మోరీ మీద బండ వాలిపోయి ఉండాది సూడండి, ఆటో కాడికి పోతా ఉంటే దాంట్లో ఇరుక్కునింది. ఆరు దినాలూ ఆడ మూడు చక్రాలతోనే తిరిగినా. మేము తిరిగిన కాడంతా కాలిబాట బాగుండె."

పాపయ్య సూట్‌కేసును మెల్లగా మూలకు నెట్టాడు. హర్ష స్టూలు జయమ్మ వైపు తిప్పుకున్నాడు.

ఇక ఆమెను ఆపేవాళ్ళు లేరు. అక్కడ రోడ్డు దాటాలంటే ఆగకూడదనీ, పరిగెత్తకూడదనీ, ఒకే తీరుగా నడిస్తే మోటారు సైకిళ్ళే పక్కనుంచి పోతాయనీ చెప్పింది. విమానాశ్రయంలోనే సిమ్ము కొనమంది. ఫోనులో తెలుగులో మాట్లాడితే అది వాళ్ళ భాషలో చెబుతుందని చూపించింది. అట్లా మాట్లాడుతూనే టోపీలమ్మే ఒకామెతో సావాసం చేసిందట. ఆమెకూ జయమ్మ వయసే. కొడుకు బూట్లు కుట్టే కార్ఖానాలో పని. అమెరికా సుంకం మాట పుట్టినప్పటి నుంచి వారానికి నాలుగు రోజులే పనిస్తున్నారనీ, కోడలికి నెలలు నిండాయనీ చెబుతూ ఆమె కళ్ళు తుడుచుకుందట. ఫోను ఆ మాటలన్నీ తెలుగులో చెబుతుంటే జయమ్మ ఆమె భుజం పట్టుకుని కూర్చుందట.

పాపయ్య చేతిలో స్క్రూడ్రైవరు కదలలేదు. ఏడాదిగా అతను సుంకం, సుంకం అంటూనే ఉన్నాడు. దాని కింద ఒక తల్లి ఉంటుందని అతనికి ఒక్కసారీ తోచలేదు. జయమ్మ పోయి ఆ తల్లితో మాట్లాడి వచ్చింది. మూడు వారాలుగా ఆ మాటలు పొట్టలో పెట్టుకుని తన పక్కనే కూర్చుంది. పాపయ్యకు తన మీద తనకే కోపం వచ్చింది.

హర్ష అన్నీ ఫోనులో రాసుకుని, లేవబోతూ అడిగాడు.

"అంకుల్, మీరు కూడా ఆంటీతో వెళ్ళారా?"

జయమ్మ సూది ఆగింది. మొగుడి వైపు చూడలేదు, చూస్తే అతనికి కష్టమవుతుందని. పని ఉండి పోలేదనవచ్చు. కాలు నొప్పి అనవచ్చు. పాపయ్య దగ్గర అబద్ధాలకు కరువు లేదు.

"లేదప్పా," అన్నాడు. "నేనింతవరకు విమానమే ఎక్కలే."

పైకప్పు కూలుతుందనుకున్నాడు. హర్ష మాత్రం, అయితే ఈసారి ఆంటీతో వెళ్ళిరండి అంకుల్ అని, హ్యాండిలు రెండుసార్లు లాగి చూసుకుని, డబ్బు ఫోనులో కొట్టి వెళ్ళిపోయాడు. ఎవరూ నవ్వలేదు. పక్కన పకోడీలు వేగుతూనే ఉన్నాయి. ఇన్నేళ్ళు ఇంత భద్రంగా దాచుకున్న సంగతి ఆ రోడ్డులో ఎవరికీ అక్కర్లేకపోయిందని పాపయ్యకు కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది.

అతను లేచి వెళ్ళి హర్ష కూర్చున్న స్టూలు మీద, జయమ్మకు ఎదురుగా కూర్చున్నాడు.

"జయా, విమానం పైకి లేస్తాది గదా. అప్పుడు ఎట్లుంటాది?"

జయమ్మ సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది. గిరాకీలెవరూ లేరు.

"భయమైంది. కండ్లు మూసుకుని సుశీలక్క చెయ్యి పట్టుకున్నా. నీ చెయ్యే అనుకుని పట్టుకున్నా. కానీ మెత్తగుండె ఆయమ్మ చెయ్యి. అప్పుడు ఏడుపొచ్చింది నాకు."

పాపయ్య తన చేతులు చూసుకున్నాడు. చక్రాలు బిగించీ, రాడ్లు వంచీ కాయలు కాసిన చేతులు.

"నాకు ఆడ ఏమీ తెలీదు. అన్నీ నువ్వే చెప్పల్ల."

"చెప్తా."

"నువ్వు లోపలికి పోయి నన్ను బయట మర్చిపోతే?"

"మర్చిపోనులే," అని జయమ్మ నవ్వింది.

పాస్‌పోర్టుకు ఏమేమి కావాలో అడిగాడు. ఆమె చెబుతుంటే, గిరాకీల బ్యాగులకు కట్టే చీటీ ఒకటి తిరగేసి వెనక రాసుకున్నాడు. ఆధార్ కార్డు. పుట్టిన తేదీకి బడి సర్టిఫికెట్టు. చిరునామాకు బ్యాంకు పుస్తకం. మధ్యలో ఒక్కచోట కూడా ఇది సమయం కాదనలేదు. ఇంకేమి కావాలని అడిగాడు.

"అంతే. ఆ ఆఫీసు శానా పెద్దది, కౌంటర్లు ఇరవై ఉండాయి. ఏది యాడుండాదో తెలీకపోతే ఎవుర్నన్నా అడగల్ల."

"అడుగుతా," అన్నాడు పాపయ్య.